గుడ్డ మీద ఎరుపు

కిరండూల్‌లో తెల్లగుడ్డ తెల్లగా ఉండదు. ఇనుప ఖనిజం నింపుకున్న గూడ్సు బండి మా రైల్వే క్వార్టర్ల వెనక నుంచి వెళ్ళిన ప్రతిసారీ, తీగ మీద ఆరేసిన బట్టల మీద ఎర్రదుమ్ము వాలేది. అందుకే నా కొడుకు గుడ్డ మీద మొదటిసారి ఎర్రటి చార చూసినప్పుడు మా అత్త పట్టించుకోలేదు.

"ఈ ఊళ్ళో ఎర్రగా లేనిదేటే? కొండ దుమ్ము. ఉతికి ఆరేయ్" అంది.

నేనూ అలాగే నమ్ముదామనుకున్నాను. కానీ దుమ్ము వాడి విరేచనంలో కలిసి జిగటగా ఉండదు కదా. మర్నాడు మళ్ళీ కనిపించేసరికి ఆ గుడ్డ ఉతక్కుండా విడిగా దాచాను. వాడికి అప్పటికి మూడో నెల.

అత్త అంటే మా నాన్నకు సొంత అక్క, పెళ్ళయ్యాక నాకు అత్తగారు. అమ్మ లేని పిల్లనని శ్రీకాకుళం జిల్లాలో మా ఊళ్ళో పురుడు తనే పోసింది. పథ్యం చెడగొట్టుకుంటానని భయపడి నాతోపాటు రైలెక్కి ఇక్కడికీ వచ్చేసింది. మా ఆయన గూడ్సు గార్డు. డ్యూటీకి వెళ్తే ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. ఇంట్లో మిగిలేది మేమిద్దరం, మా మధ్య ఏడ్చే పిల్లాడు.

ఏడుపంటే మామూలు ఏడుపు కాదు. పాలు తాగుతూనే మెలికలు తిరిగిపోయి, చన్ను వదిలేసి కీచుమని అరిచేవాడు. బుగ్గల నిండా ఎర్రగా పేలింది. వాడు ఏడ్చినప్పుడల్లా అత్త నా ఒళ్ళోంచి లాక్కుని భుజాన వేసుకునేది. ఆ లాక్కోవడమే నాకు చెంపదెబ్బలా ఉండేది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ గుడ్డ చూసి, వాడి పొట్ట నొక్కి చూసి, నేనేం తింటున్నానో అడిగింది. ఆవుపాలు పడట్లేదేమోనని ఆవిడ అనుమానం. నేను తాగిన పాలే నా పాలలోంచి వాడికి చేరుతున్నాయట.

"దూధ్, దహీ, ఘీ, మిఠాయి, సబ్ బంద్. లేకిన్ అప్‌నా దూధ్ పిలానా మత్ ఛోడ్‌నా" అంది.

అత్తకి హిందీ రాదు. పాలు, పెరుగు, నెయ్యి, మిఠాయి అన్నీ నేను మానెయ్యాలని, బిడ్డకి మాత్రం చన్ను మాన్పకూడదని దారిలో విడమరిచి చెప్పాను. అత్త మొండిదే గానీ మాట మీద నిలబడే మనిషి. ఆ పూట నుంచే నెయ్యి గిన్నె అటక మీదికి ఎక్కింది. నాకు టీ కూడా నల్లదే. పాలు తగ్గిపోతాయేమోనని ఎవరెవరితోనో చెప్పించి విశాఖపట్నం నుంచి పాలసొర చేప తెప్పించి వండిపెట్టింది. ఇంత చేసినా వాడి గుడ్డ మీద ఎరుపు పోలేదు.

అప్పుడు పట్టుకుంది నన్ను అసలు భయం. పాలు చేపుకొస్తుంటే ఏ తల్లికైనా హాయిగా ఉంటుందంటారు. నాకు మాత్రం నా బిడ్డకి నేనే విషం పడుతున్నానా అనిపించేది. అత్త కూడా అదే అనుకుంటోందని నాకు తెలుసు. ఒకరోజు బజారు నుంచి పాలడబ్బా కొని తెచ్చి, నాకు కనబడేలా గూట్లో పెట్టింది.

"నీ పాలు ఆడికి పడ్డం లేదే. ఎన్నాళ్ళు సూస్తావు? ఆడి బాబొచ్చేక డబ్బా తెరిసీదుం."

"అది కూడా ఆవుపాల పొడే అత్తా! డాక్టరమ్మ ఏం చెప్పింది?"

"ఊళ్ళో పిల్లలందరూ ఆవుపాలు తాగి బతకట్లేదేటి?"

నాకు ఒళ్ళు మండిపోయింది. నీ కొడుకొచ్చినా సరే, డబ్బా మూత తీస్తే బిడ్డనెత్తుకుని వచ్చిన రైలే ఎక్కేస్తానన్నాను. ఎక్కి ఎక్కడికి వెళ్తానో నాకే తెలియదు. అక్కడున్నదీ ఆవిడ తమ్ముడే కదా!

ఆ వారంలోనే చలి ముదిరింది. బైలదిల్లా కొండ మీది నుంచి దిగే చలి మా కోస్తా వాళ్ళకి కొత్త. పొద్దున్నే సీసాలో కొబ్బరినూనె గడ్డకట్టింది. అత్త రోజూలాగే కాయం జాడీ పట్టుకొచ్చింది. శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు బెల్లంతో ఉడికించి బాలింతకి పెట్టే మందది. పురుటి నుంచీ పొద్దున్నే పరగడుపున ఒక ముద్ద నా నోట్లో తనే పెడుతోంది. ఎప్పుడూ నల్లగా నిగనిగలాడే కాయం మీద ఆ పొద్దున తెల్లగా అట్ట కట్టి ఉంది.

"ఇదేంటత్తా? బూజా?"

"బూజేటే, సలికి నెయ్యి పేరుకుంది."

నా నోటి దాకా వచ్చిన ఆవిడ చేతిని పట్టుకుని ఆపాను.

"డాక్టరమ్మ నెయ్యి మానెయ్యమంది కదా!"

"అన్నంలోది మానిపించీనాను కదే. ఇది మందు. మందుకి పత్యమేటి?"

నాకూ తోచలేదు. కాయాన్ని తిండిగా మేమెవరం ఎప్పుడూ లెక్కేయలేదు. అరవాలని నోరు తెరిచాను గానీ, చేతిలోని ముద్దని ఆవిడే తిరిగి జాడీలో వేసేసింది.

కాయం మానేశాను. బుగ్గలు ముందు చల్లబడ్డాయి. తర్వాత ఎరుపు పలచబడి, చివరికి పోయింది. వాడు పాలు తాగుతూ తాగుతూ నిద్రపోవడం అప్పుడే మొదటిసారి చూశాను. కానీ డాక్టరమ్మ అక్కడితో వదల్లేదు. నిజంగా దానివల్లేనో కాదో తేలాలంటే ఒకసారి మళ్ళీ తిని చూడాలంది. అత్త ససేమిరా అంది. నేనే పట్టుబట్టాను. గూట్లో ఆ డబ్బా ఇంకా అలాగే ఉంది మరి.

గుడ్డలన్నీ ఉతికి, దుమ్ము తగలకుండా తలుపులు మూసి వంటింట్లోనే ఆరేశాం. కాయం రెండు పూటలు తిన్నాను. ఆ తర్వాత గుడ్డ మార్చిన ప్రతిసారీ ఇద్దరం కిటికీ దగ్గర నిలబడి వెతికాం.

ఎరుపు మళ్ళీ వచ్చింది.

అత్త వేలితో రాసి చూసింది. "దుమ్ము కాదే" అంది. నాకు ఏడుపొచ్చింది. బిడ్డకి నెత్తురు పడితే సంబరపడిన తల్లిని నేనొక్కదాన్నేనేమో. నా పాలు చెడ్డవి కావు. అప్పుడు నాకు కావలసింది ఆ ఒక్క మాటే.

అత్త జాడీ తీసుకెళ్ళి పెరట్లో పారబోసింది. గూట్లో డబ్బా కూడా తీసేసింది. లోపల పిల్లాడు ఏడుపు అందుకున్నాడు. అలవాటు కొద్దీ ఎత్తుకుని భుజాన వేసుకుంది. వేసుకుని, ఒక్క క్షణం ఆగి, వాణ్ణి తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"ఆకలేస్తంది ఆడికి. పాలియ్యే, నా తల్లీ."