చివరిగా మార్చినవారు: సలోమి

ఇన్నేళ్లుగా ఒక పేరు మోస్తున్నాను. మూడే అక్షరాలు. ఖైరతాబాద్ గణేశుణ్ణి ఎత్తే క్రేన్ తెచ్చినా నా గుండె మీంచి అది లేవదు. నవ్వకండి. గోరంతలు కొండంతలు చేయడం నా అలవాటే. కానీ ఈ ఒక్కటీ ఉన్నదున్నట్టు చెబుతున్నాను, మీకు మాత్రమే.

తొంభైల చివర్లో నాంపల్లి స్టేషన్ దగ్గర ఓ పార్శిల్ కంపెనీలో పనిచేసేవాణ్ణి. ఉద్యోగుల వివరాలకు కంప్యూటర్ ప్రోగ్రాం రాసింది నేనే. కంప్యూటర్ వచ్చిన సంబరంలో పాత ఫైళ్లన్నీ చిత్తుకాగితాలు కొనే రద్దీవాడికి అమ్మేశారు. ఏసీ కంప్యూటర్‌కి, చెమట మాకు. ప్రతి ఉద్యోగికీ ఒక పేజీ. అందులో ‘చేరిన తేదీ’ గడికి తాళం వేశాను. అందరికీ బూడిదరంగులో కనిపిస్తుంది, ఎంత నొక్కినా కదలదు. రికార్డులు చూసే సలోమిగారు తన పాస్‌వర్డ్ కొడితేనే తెల్లబడి తెరుచుకుంటుంది. మేనేజర్ సంతకం చేసిన చీటీ ఉంటేనే ఆవిడ తెరవాలి. పక్కన ఇంకో గడి, ‘చివరిగా మార్చినవారు’. దాన్ని ప్రోగ్రామే నింపుతుంది. ఎవరూ దిద్దలేరు. నేను కూడా. గోల్కొండ కోటకైనా దొంగదారి ఉందేమోగానీ దీనికి లేదని అబిడ్స్‌లో ఉన్న ఇరానీ హోటళ్లన్నిట్లో చాటాను.

సలోమిగారిది మెదక్. రిటైర్మెంటుకు రెండేళ్లుంది. టైపింగ్ ఒక్క వేలితో. టక్. ఒక అక్షరం నొక్కి రెండోది వెతికేలోపు చాయ్ మీద మీగడ కట్టేది. అందుకే రోజూ పొద్దున “నువ్వే కొట్టు బిడ్డా” అని పాస్‌వర్డ్ చీటీ నా చేతిలో పెట్టేవారు.

ఆ చేత్తోనే చేశాను.

సూపర్‌వైజర్ పోస్టు ఒక్కటే ఉంది. నాకన్నా రెండు నెలలు ముందు చేరిన రాజలింగానికి పోతుంది. ఓ మధ్యాహ్నం ఆవిడ అన్నానికి లేచినప్పుడు, ఆవిడ పాస్‌వర్డ్‌తో నా చేరిన తేదీని మూడు నెలలు వెనక్కి జరిపాను. పోస్టు నాకొచ్చింది. రాజలింగం గొడవకు దిగాడు. మేనేజర్ నా పేజీ తెరిచారు. చివరిగా మార్చినవారు: సలోమి.

“ఇదే నా అసలు తేదీ సార్. పాత తప్పును మేడమ్ దిద్దినట్టున్నారు,” అన్నాను. చీటీ లేకుండా దిద్దినందుకు ఆవిణ్ణి కాచిగూడ గోడౌనుకు పంపించారు.

వెళ్లేముందు నా బల్ల దగ్గరికొచ్చారు.

“గీ డబ్బా చేసింది నువ్వే కదా బిడ్డా. నేనైతే ముట్టలే. నా పేరెట్లొచ్చింది?”

“కంప్యూటర్ అబద్ధమాడదు మేడమ్.”

కంప్యూటర్ వైపు ఓసారి చూశారు.

“ఔ, డబ్బా అబద్ధం ఆడదు. గట్లయితే నేనే నిద్రల మార్చిన్నేమో. జర పైలం బిడ్డా.”

ఎద్దేవానా? నమ్మకమా? నన్ను కనిపెట్టేశారా? ఆ మూడింటిలో ఏది నిజమైనా నేను తలెత్తలేనని తెలిసి కూడా, ఆ రోజు తలెత్తే కూర్చున్నాను.

ఆవిడ పాస్‌వర్డ్ నేనే రద్దుచేశాను. రెండు వానాకాలాలు దాటకుండానే ఆవిడ పోయారు. సమాధి దగ్గరికి వెళ్లలేదు.

ఆ తర్వాత కొన్ని నెలలకు, పట్టపగలు, ఆఫీసు నిండా జనం ఉండగా నా పేజీ తెరిచాను. చేరిన తేదీ మారిపోయింది. అసలు తేదీ. అది రోజుతో సహా తెలిసినవాళ్లలో బతికున్నది నేనొక్కణ్ణే. చివరిగా మార్చినవారు: సలోమి. పాత బ్యాకప్ ఎక్కిందేమో అనుకున్నాను. మార్చిన సమయం చూశాను. అంతకు పది నిమిషాల ముందు.

ఎవరు? నేనేనా? నిద్రలో మార్చానా?

మళ్లీ ముట్టుకోలేదు. ఎవరికీ చెప్పలేదు. సూపర్‌వైజర్ కుర్చీ కూడా దిగలేదు.

ఆవిడ పేరున్న ఆ గడిని దిద్దే దారి నేనే లేకుండా చేశాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను. పది వేళ్లతో తుఫానులా కొట్టేవాణ్ణి, ఇదంతా ఒక్క వేలితో కొడుతున్నానని ఇప్పుడే చూసుకున్నాను. టక్. ఆపలేను. ఆపను కూడా.

మొదటిసారి మార్చింది సలోమిగారు కాదు. నేను.