సిరిల్ చెక్కిన కొంగ ముక్కులు

ఇంగ్లండులోని మా లూయిస్ ఊళ్లో చలి కాచుకునే పొయ్యి పైన గోడకు పెట్టే పాత అద్దం ఎవరింట్లో దెబ్బతిన్నా సిరిల్ పిల్‌బీమ్ కొట్టుకే వచ్చేది. చట్రం నిండా వంకీలు తిరిగిన ఆకులు, కారుతున్న నీటిధారలు, పైకొసన పొడుగు ముక్కు కొంగలు. ముందు విరిగేది ఆ ముక్కే. దుమ్ము దులిపే గుడ్డకు అదే అడ్డం పడుతుంది మరి. సిరిల్ కొత్త ముక్కు చెక్కేవాడు. భార్య ఎడ్నా దాని మీద జిగురు కలిపిన సుద్ద పూతలు వేసి, ఆరాక గీతలు మళ్లీ తేల్చి, బంగారు రేకు అద్దేది. నేను అద్దాలు బిగించేవాణ్ణి.

డెబ్బై దాటాక సిరిల్ చెయ్యి వణకడం మొదలైంది. ముక్కులు ముల్లంగి దుంపల్లా వచ్చేవి. ఎడ్నా పల్లెత్తు మాట అనలేదు. పూతలు రెట్టింపు వేసి, అసలు ముక్కును ఆ సుద్దలోనే చెక్కేది. సాయంత్రానికి మెడ తిప్పలేకపోయేది.

"ఎన్నాళ్లమ్మా ఈ చాకిరీ? ఆయనతో చెప్పెయ్యరాదా?" అన్నానొకసారి.

"చెబితే ఉలి కింద పెట్టేస్తాడు. ఆ తర్వాత కుర్చీలోంచి లేస్తాడా? నువ్వు నోరు మూసుకుని మేకులు కొట్టు."

ముసలాయన్ని చూస్తే నాకు ఒళ్లు మండేది. పూర్తయిన అద్దం ముందు నిలబడి, "చెయ్యి తిరిగినవాడి పనంటే ఇదీ" అని మీసం మెలేసేవాడు.

మొన్న మార్చిలో ఒక పెద్ద అద్దం వచ్చింది. తన వంతు అయిందని సిరిల్ చట్రాన్ని ఎడ్నా బల్ల మీద పెట్టాడు. కొంగ మూతికి ఉలి తగలని ఉత్త చెక్కముక్క అతికించి ఉంది.

"ఇదేంటి, మర్చిపోయావా?" అంది ఎడ్నా.

"లేదు." సిరిల్ టీ కప్పు రెండు చేతులా పట్టుకున్నాడు. "నేను చెక్కిందాన్ని కప్పడానికే నీకు సగం రోజు పోతోంది. ఇదైతే తేలిక."

"ఎప్పట్నుంచి తెలుసు నీకు?"

"మొదటి ముక్కు నుంచే. నా పని నేను పోల్చుకోలేనా, ముసలిదానా? నువ్వంత కష్టపడి దాస్తుంటే తెలుసని ఎలా చెప్పను?"

ఎడ్నా స్టూలు మీద కూలబడింది. ఏళ్ల తరబడి పేరుకున్న అలసట ఒక్కసారిగా మీద పడ్డట్టయింది. ఇక ఈయన చెక్కడన్న దిగులు అంతకన్నా బరువు. ఏడ్చింది. నేను మేకుల డబ్బా వంక చూస్తూ నిలబడ్డాను.

"లేవకు, జిగురు నేను కాస్తాలే" అన్నాడు సిరిల్.

జీవితమంతా ఉలి పట్టినవాడు ఆ రోజు నుంచి గిన్నెలో జిగురు కలుపుతున్నాడు.