వెర్లీన్ రివాల్వర్‌కు కన్నాలు

ఆర్కన్సా కొండల్లో, సరస్సు ఒడ్డున వెర్లీన్‌కు ఎరల కొట్టు ఉంది. వానపాములు, చిట్టి చేపలు, వేడి కాఫీ అమ్ముతుంది. చేపలు పట్టేవాళ్ళు తెల్లవారకముందే దిగుతారు కనుక ఆమె అంతకన్నా ముందే వచ్చి ఒంటరిగా కొట్టు తెరవాలి. భర్త పోయిన నాటి నుంచి ఏప్రాన్ జేబులో ఒక పొట్టి రివాల్వర్ పెట్టుకుంటోంది. ఎవరి మీదా పేల్చవలసిన అవసరం రాలేదు. వచ్చిన చిక్కల్లా మణికట్టుతోనే. పోయిన చలికాలం మంచు పట్టిన పడవల రేవు మీద జారిపడి దాన్ని విరగ్గొట్టుకుంది. ఎముక అతికింది గానీ, సాధనకని ఒక్క తూటా పేల్చినా తుపాకీ మూతి ఆకాశం కేసి లేచేది, నొప్పి మోచేతి దాకా పాకేది.

తుపాకులు బాగుచేసే ఆరిన్ ఆమెకు స్వయానా మరిది. ఒక రోజు రివాల్వర్ తీసుకెళ్ళి అతని బల్ల మీద పెట్టింది.

"దీని గొట్టానికి మూతి దగ్గర, పైవైపు కన్నాలు పెట్టు ఆరినూ. పొగ పైకి తంతే మూతి కిందికి అణుగుతుందట. కొట్టుకొచ్చే వాళ్ళంతా అదే మాట."

"వాళ్ళు పట్టిన చేప మూరెడుందంటే నమ్మవు గదా వదినా. తుపాకుల సంగతి చెబితే నమ్మేశావా?"

"చేతకాదని చెప్పు, పోతాను."

"చేతకాకేం. ఇంత పొట్టి గొట్టం, నువ్వు వేసేవి మెత్తని తూటాలు. అణిగేది చారెడు, చప్పుడు బారెడు. నా దగ్గర కన్నాలున్నది ఒకటుంది, ముందు దాన్ని పేల్చి చూడు. అప్పటికీ కావాలంటే నీ మాటే."

ఇంటి వెనక మట్టికట్ట ముందు ఇద్దరూ కళ్ళద్దాలు, చెవులకు కప్పులు పెట్టుకుని నిలబడ్డారు. వెర్లీన్ ఆ కన్నాల తుపాకీని రెండు చేతులూ చాచి వరసగా పేల్చింది. మూతి లేచీ లేవనట్టు లేచింది. తూటాలన్నీ సాసరంత మేరలో దిగాయి. మణికట్టు కిక్కురుమనలేదు.

"ఇప్పుడేమంటావ్?" అంది, గడ్డం ఎత్తి.

"బాగుందంటాను. ఉన్నమాట అనడానికేం? కానీ కొట్టులో ఎవడన్నా మీదికొచ్చి నీ చొక్కా పట్టుకుంటే, ‘ఆగు నాయనా, చేతులు చాపుకోనీ’ అంటావా? పక్కటెముకలకు ఆనించి పేల్చాలి గదా. అప్పుడా పొగ ఎటు పోతుంది?"

వెర్లీన్ తన గడ్డి టోపీ తీసి, పక్కనున్న కంచె గుంజకు తన మొహమంత ఎత్తున తగిలించింది. తాను గుంజకు ఎడంగా జరిగి, తుపాకీని టోపీకి జానెడు దిగువన ఉంచి, మట్టికట్ట కేసి పేల్చింది. కన్నాల్లోంచి మంట నిట్టనిలువుగా లేచింది. టోపీ అంచు మసిబారింది. రెండుచోట్ల గడ్డి కమిలి కన్నం పడింది. ఆమె అందులోంచి వేలు దూర్చి మరిది వంక చూసింది.

"ఈస్టర్‌కి కొన్న టోపీ."

"మొహం ఏ పండక్కీ కొనలేం వదినా."

ఇద్దరూ కంచె పట్టుకుని నవ్వారు. ఆ పూటే ఆమె తేలికపాటి రివాల్వర్‌ను అతనికి ఇచ్చేసి, బరువైన ఉక్కుది, లావుపాటి రబ్బరు పిడి ఉన్నది తీసుకుంది. దానికి కన్నాలు లేవు. పేల్చినప్పటి తన్నునంతా దాని బరువే మింగేసింది. ఏప్రాన్ మాత్రం ఒక పక్కకు వేలాడుతోందని నాలుగు రోజులు సణిగింది.

అయితే ఆరిన్ తుపాకీ చేతిలో కుదురుగా నిలిచిన తీరు ఆమె మరిచిపోలేదు. వేసవి సంతలో ఆడవాళ్ళ గురిపోటీ వచ్చేసరికి దాన్ని ఎరువడిగింది.

"పనికిరాదన్నావుగా," అని ఆరిన్ ఎత్తిపొడిచాడు.

"నేనా అన్నది? అన్నవాడివి నువ్వు. చేతులు చాపి నింపాదిగా కొట్టేచోట పనికొస్తుంది. ఇలా తే."

పోటీలో ఆమె మొదటి తూటాకే పక్క బల్ల దగ్గరున్న క్లియోటా ఉలిక్కిపడింది.

"అది తుపాకీనా, ఫిరంగినా వెర్లీనూ? నా పళ్ళ సెట్టు కదిలింది."

"పట్టుకుని కొట్టు మరి."

క్లియోటా తన తూటాలన్నీ ఏరుకుని వరస చివరి బల్లకు మారిపోయింది. అక్కడ ఆ ఫిరంగి చప్పుడు అంతగా చెవిని పడక, స్థిమితంగా కొట్టి మొదటి బహుమతి ఎగరేసుకుపోయింది. వెర్లీన్‌కు రెండోది దక్కింది, చెర్రీ పండ్ల జాము సీసా. సీసా మూత బిగుసుకుపోయి ఉంటే, అక్కడికక్కడే ఆ మణికట్టుతోనే తిప్పి తీసి, క్లియోటాకే ముందు చెంచా అందించింది.