తాడు మొదట నిలిచే ఓస్లా మన్సన్

పేరు ఓస్లా మన్సన్. వయస్సు డెబ్బై ఒకటి. హెల్లిసే ద్వీపపు ప్రాణరక్షక పడవ కేంద్రానికి కార్యదర్శినైన నేను ఆమెను యాభై రెండేళ్లుగా ఎరుగుదును. అందులో మొదటి మూడేళ్లు ఆమె నాతో మాట్లాడలేదు. వచ్చిన తొలివారంలోనే పడవను ఎడమవైపుకు తిప్పబోయాను. ఇక్కడ పడవ ప్రదక్షిణంగానే తిరగాలి.

కలప మోసే నావ ఒకటి దీవివాసుల కళ్లెదుటే మునిగిన మరుసటి ఏడు, అంటే అరవై మూడేళ్ల క్రితం, ఈ కేంద్రం వెలసింది. తుఫాను వస్తే మగవారు ఎనిమిది మందీ పడవ ఎక్కుతారు. దానిని నీళ్లలోకి లాగేది ఆడవారే. పన్నెండు మంది పట్టనిదే అది కదలదు. పట్టగలవారు దీవిలో సరిగ్గా పన్నెండు మందే. పందొమ్మిదో ఏట నుంచి తాడు మొదట నిలిచేది ఓస్లాయే.

గత ఏప్రిల్‌లో, డెబ్బై దాటినవారు తాడు ముట్టరాదని తమ ప్రధాన కార్యాలయం నుంచి ఉత్తర్వు వచ్చింది. దానిని పుస్తకంలో నకలు చేసుకొని ఆమెకు చదివి వినిపించాను.

"రాసినాయన తుఫానుకి వస్తాడా? వస్తే నా చోటు ఆయనకే ఇస్తా," అంది.

జూన్‌లో తనిఖీ అధికారి వచ్చారు. పడవను ఒకసారి సముద్రంలోకి దింపించి, తిరిగి ఒడ్డుకు చేర్పించారు. దాని ముక్కును మళ్లీ నీటివైపుకు తిప్పవలసి ఉండగా, ఎడమకు తిప్పితే దూరం తగ్గునని గడియారం చూస్తూ ఆజ్ఞాపించారు. పన్నెండు మందీ తాడు కింద పెట్టి, రాళ్ల మీద కూర్చొని అల్లికలు తీశారు.

పడవ నాయకుడూ, ఓస్లా తమ్ముడూ అయిన గిబ్బీ టోపీ తీసి వినయంగా విన్నవించాడు. "దొరవారూ, ఎడమకి తిప్పితే పడవ వెళ్లడం వెళ్తుంది. తిరిగి రావడం సంగతే మాకు తెలీదు."

తానే తిప్పి చూపెదనని అధికారి పడవకు భుజం ఆన్చారు. నాచు మీద కాలు జారింది. అల ఆయనను మెడలోతు నీళ్లలోకి తీసుకుపోయింది. ఓస్లా చేతిలోని వరుస పూర్తి చేసి, సూదులు ఊలు ఉండకు గుచ్చి, లేచి తాడు విసిరింది. సగం దూరం లాగి ఆగింది.

"డెబ్బై దాటినవాళ్లు తాడు ముట్టకూడదని మీ కాగితంలో ఉంది నాయనా. వదిలెయ్యమంటావా?"

"వద్దమ్మా, వద్దు. పట్టుకో," అన్నారు అధికారి.

ఒడ్డు చేరిన పిమ్మట ఆమె ఆయనను పడవ చుట్టూ ప్రదక్షిణంగానే నడిపించి, టీ ఇచ్చి కూర్చోబెట్టింది.

అధికారి వారి పై మాటలను మునుపటి ఉత్తర్వుకు మౌఖిక సవరణగా భావించి, తేదీ, గంటతో సహా నమోదు చేశాను. ఈ కేంద్రం కాపాడిన ముప్పై ఎనిమిదవ వ్యక్తి పేరు వ్రాయుటకు వారి అనుమతి ఇంకా రాలేదు. ఆ గడి ఖాళీగా ఉంచాను.

కావున సదరు సవరణను లిఖితపూర్వకంగా ధ్రువీకరించి, ఓస్లా మన్సన్ తనంతట తాను తాడు వదిలేవరకు ఆమెను ఆమె స్థానంలోనే కొనసాగించవలసిందిగా ప్రార్థిస్తున్నాను. ఇక్కడ తుఫానులు అక్టోబరులో మొదలవుతాయి గనుక, అంతకు ముందే ప్రత్యుత్తరం దయచేయగలరు.