చప్పిడి చేప

హజ్రా పిన్నికి కోపం ఎక్కువని మా వీధంతా చెప్పుకునేది. నాకూ తక్కువేం కాదు. నరసరావుపేటలో ఆవిడింట్లో నాలుగేళ్లు అద్దెకున్నా, రోజుకొక పోట్లాట లేకుండా మా ఇద్దరికీ పొద్దుగూకలా. ఆవిడ భర్త గఫార్ బాబాయి కరెంటు మోటార్లకు తీగ చుట్టే మెకానిక్కు. ఆయన మాత్రం పెట్టింది తిని లేచిపోయే మనిషి.

ఎనభై ఆరులో నేను డిగ్రీ ఆఖరి సంవత్సరం రెండోసారి రాస్తున్నా. మాది నూజెండ్ల పక్క పల్లె. రూములో ఇంత అన్నం వండుకుని, ఇంటి నుంచి తెచ్చుకున్న పండుమిరపకాయ పచ్చడి కలుపుకు తినేవాణ్ణి. పొద్దున అదే, రాత్రికీ అదే. కడుపులో పుండు పడక ఏమవుద్ది? అంతకుముందు ఏడాది నొప్పికి తట్టుకోలేక సగం పేపరు వదిలేసి హాల్లోంచి లేచొచ్చా. ఈసారీ తప్పితే పత్తి చేలోకి వచ్చెయ్యమని మా అయ్య కబురుపెట్టాడు. పరీక్షలకు నెలుందనగా మళ్లీ నొప్పి. డాక్టరు కారం, నూనె, చింతపండు మానేసి చేపలు తినమన్నాడు. ఇంకోసారి ముదిరితే కోసి చూడాల్సిందేనన్నాడు.

మెట్టోడివి, నీకు చేపలేం తెలుసురా అని హజ్రా పిన్నే వండిపెట్టింది. ఎర్రగా ఉందేంది పిన్నీ అనడిగా.

"కారం ఎక్కడుందిరా యల్లమందా? ఊరికే రంగు కోసం రెండు చెంచాలు."

ఆవిడ అబద్ధం చెప్పలా. పల్నాట్లో రెండు చెంచాలంటే కారం లేనట్టే లెక్క. నేనూ ఇక్కడోణ్ణే కదా, నమ్మి తిన్నా. గంట తిరక్కుండా నేలమీద మెలికలు తిరిగిపోయా.

గఫార్ బాబాయి రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్లాడు. సెలైను ఎక్కుతుంటే పిన్ని మంచం పక్కన కూర్చుని నన్నే తిట్టింది, ఎర్రగా ఉందని తెలిసి కూడా ఎందుకు మింగావురా అని. తిడుతూనే ఏడ్చింది. నాకు ఒళ్లు మండాలి, మండలా. మా అమ్మ పోయాక నాకోసం ఏడ్చిన మనిషి ఆవిడే.

ఇంటికొచ్చాక, నాకు చప్పిడి చేప తినిపించాల్సిందేనని పంతం పట్టింది. మా చట్టి ఇరవై ఏళ్ల కారం తాగింది, అందులో మంచినీళ్లు కాచినా ఘాటొస్తది అని, వచ్చి నా కిరసనాయిలు స్టవ్వు ముందే కూర్చుంది. కాలవకి నీళ్లు ఆపినప్పుడు మడుగుల్లో పట్టిన చిన్న చేపలు చానా చవగ్గా వచ్చేవి. వాటిని బూడిద, రాళ్లుప్పు వేసి బండమీద రుద్ది కడగటం నేర్పింది. పసుపు, ఉప్పు, ధనియాల పొడి, జీలకర్ర, ఇంత దంచిన అల్లం పట్టించి, అన్నం ఉడికే తపేలా మీద పళ్లెంలో పెట్టి మూతేసేది. కింద అన్నం, పైన చేప, ఒకటే మంట. నూనె చుక్క పడేది కాదు. మొదటిరోజు తడిసిన కాగితం నమిలినట్టుందన్నా. నోరుమూసుకుని తినమంది. వారం తిరిగేసరికి నాలుక దారికొచ్చింది. చేప తియ్యగా ఉంటదని నాకప్పుడే తెలిసింది.

పరీక్షలొచ్చాయి. అన్ని పేపర్లూ మూడేసి గంటలు కదలకుండా కూర్చుని రాశా. కడుపు కిక్కురుమనలా. ఆఖరి పేపరు రాసి ఇంటికొస్తే పిన్ని గుమ్మంలోనే నిలబడుంది. పరీక్ష మాట అడగలా, కడుపెట్టా ఉందని అడిగింది. బాగుందన్నా. ఆ సంతోషంలో ఆవిడ పెద్ద బొచ్చె చేప తెప్పించి ఇంటివాళ్లకు ఎర్రగా పులుసు పెట్టింది, నాకు వేరే చప్పిడి ముక్కలు ఆవిరి మీద వండింది.

ముగ్గురం కూర్చున్నాం. పిన్ని పులుసు వడ్డించబోతే గఫార్ బాబాయి పళ్లేనికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏమే, నాకు కూడా ఆ చప్పిడిదే పెట్టు. ఎన్నో ఏళ్లుగా కడుపులో ఒకటే మంట."

పాతికేళ్ల కాపురంలో ఆయన ఆ మాట బయటపెట్టడం అదే మొదలు. పిన్ని ఎత్తిన గరిటె మళ్లీ పులుసులోనే వదిలేసింది. ఒక్క తిట్టు కూడా తిట్టలా. నా పళ్లెంలోంచి పెద్దముక్క తీసి ఆయనకేసింది.