ఇస్త్రీ గదిలో నీళ్ళు

హోటల్ కింది అంతస్తులో, గాలి ఆడని గదిలో, పద్దెనిమిదేళ్ళుగా దుప్పట్లు ఇస్త్రీ చేస్తున్న మనిషి ఆమె. అందరూ పెద్దక్క అంటారు. ఆవిరి పెట్టె ఆమె చేతిలో ఉంటే ఎంత మొండి ముడతైనా తోక ముడవాల్సిందే.

ఆ వేసవిలో వచ్చిన కొత్త సూపర్‌వైజర్, ఉతికిన బట్టల మీద చుక్కలు పడుతున్నాయని నీళ్ళ సీసాలు లోపలికి తేవద్దన్నాడు. తాగాలంటే రెండంతస్తులు ఎక్కాలి. ఎక్కొస్తే, "మళ్ళీ షికారుకెళ్ళావా?" అంటాడు. ఆ మాట పడలేక పెద్దక్క గొంతు ఎండబెట్టుకుంది.

ముందు తలనొప్పి వచ్చింది. సూపర్‌వైజర్ ఓ మాత్ర చేతిలో పడేశాడు. తర్వాత పిక్కలు పట్టేశాయి, ఇంట్లో చెల్లెలు నూనె రాసింది. మూత్రం ముదురు రంగులో వస్తోందని మాత్రం ఎవరికి చెప్పుకుంటుంది? నాలుగో రోజు గుండె దడదడలాడి, బల్ల మీదికి ఒరిగిపోయింది.

"పని ఎగ్గొట్టడానికి నాటకం" అన్నాడు సూపర్‌వైజర్. కళ్ళు మూతలు పడుతున్నా ఆ మాట ఆమె చెవిన పడింది.

ఆస్పత్రిలో సెలైన్ పెడుతున్న నర్సుని అడిగింది. "ఇన్ని జబ్బులు ఒక్కసారే ఎందుకు మీద పడ్డాయమ్మా?"

"ఇన్ని కాదమ్మా, ఒక్కటే. ఒంట్లో నీళ్ళు, ఉప్పు అంతా చెమటై పోయాయి. రక్తం తగ్గింది. ఉన్నదాన్నే అన్నిచోట్లకీ అందించాలని గుండె పరుగెత్తింది. ఇంక నీళ్ళు పోనివ్వొద్దని మెదడు కబురు పంపితే కిడ్నీలు బిగబట్టుకున్నాయి. అందుకే ఆ రంగు. పాపం, అన్నీ కలిసి నిన్ను నిలబెట్టాలనే చూశాయి. ఇంకో రెండ్రోజులు ఇలాగే ఉంటే కిడ్నీలు చేతులెత్తేసేవి."

పెద్దక్కకి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. గుప్పెడంత గుండె తన కోసం అంత తన్నుకులాడిందే, ఆ ఆరడుగుల సూపర్‌వైజర్‌కి గ్లాసుడు నీళ్ళివ్వాలని తోచలేదా? అతనికి భయపడి నోరు కట్టుకున్నందుకు తన మీదా కోపమొచ్చింది.

వారం తర్వాత పనికెళ్ళింది, చేతిలో నిండు సీసాతో.

"బయట పెట్టు. దుప్పటి తడిస్తే ఎవరు జవాబు చెప్తారు?" అన్నాడు సూపర్‌వైజర్.

"నేను చెప్తాను. నేను పోతే మా చెల్లెలికి మీరు చెప్తారా?"

పెద్దక్క పెట్టె ప్లగ్గు పీకి, బల్ల పక్కన కూర్చుంది. ఆ గదిలో ఇస్త్రీ చేసే మిగతా ఐదుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, వాళ్ళూ పీకేశారు. మధ్యాహ్నానికి పై గదుల్లో పరచడానికి దుప్పట్లు లేకపోయేసరికి మేనేజరే దిగొచ్చాడు.

మర్నాడు తలుపు పక్కన స్టూలు మీద నీళ్ళ క్యాను వెలిసింది. సూపర్‌వైజర్ ఆమెకి ఎదురుపడటం మానేశాడు. క్షమించమని మాత్రం అడగలేదు. వేడి బయటికి లాగే ఫ్యాను సంగతి ఎత్తితే, "వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు మేనేజర్. ఆ "చూద్దాం" గుర్తొస్తే పెద్దక్కకి ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది.