సర్టిఫికెట్ సైజులో మల్లయ్య

ఇన్నేళ్లుగా ఒక అబద్ధం నా కడుపులో హాయిగా కాపురం చేస్తోంది. ఖాళీ చెయ్యమంటే చెయ్యదు. ఎవరికైనా చెప్పేద్దామని ఎన్నోసార్లు అనుకున్నాను, నోరు రాలేదు. మీరు నన్నెరగరు, నేను మిమ్మల్నెరగను. అందుకే మీకు చెబుతున్నాను. నవ్వొస్తే నవ్వండి, నేనూ చాలాసార్లు నవ్వాను. నవ్వాక అన్నం మాత్రం సయించేది కాదు.

అప్పట్లో మా బాబాయికి పంజగుట్టలో ఫోటో ఫ్రేముల దుకాణం ఉండేది. నేను గుంటూరు నుంచి వచ్చి, పొద్దున అమీర్‌పేటలో జావా క్లాసుకి వెళ్లి, మధ్యాహ్నం నుంచి దుకాణంలో కూర్చునేదాన్ని. ఊరంతా కంప్యూటర్ కోర్సుల మీద పడిన రోజులవి. ఉద్యోగం వచ్చినా రాకపోయినా సర్టిఫికెట్ గోడకి వేలాడాల్సిందే. అందుకని బాబాయి సర్టిఫికెట్ సైజు ఫ్రేములు ముందే కట్టించి పెట్టేవాడు. వచ్చిన బొమ్మ ఏదైనా అంచులు కోసి అందులో కూర్చోబెట్టడమే మా పద్ధతి. వెంకన్న కిరీటం కొస పోయినా ఎవరూ గొడవ పెట్టలేదు.

మా క్లాసు సందులో యాదగిరన్న టిఫిన్ బండి ఉండేది. ఆయన దోసె తినందే మాకు జావా ఎక్కేది కాదు. ఆయన ఒకరోజు దుకాణానికి వచ్చి, చంకలోంచి చుట్టిన పాత అచ్చుబొమ్మ ఒకటి తీసి బల్ల మీద పరిచాడు. పాత పుస్తకాల వాళ్ల దగ్గర దొరికిందట. తలపాగాలు చుట్టుకున్న నలుగురు మనవాళ్లు. ఒకడు ఇత్తడి బంతులు ఎగరేస్తున్నాడు, ఒకడు కత్తి మింగుతున్నాడు, ఒకడు డోలు వాయిస్తున్నాడు, ఒకడు వెదురుగడ కొసన బోర్లా పడుకుని ఉన్నాడు. చుట్టూ దొరలూ దొరసానులూ నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. కింది అంచున సన్నటి ఇంగ్లీషు అక్షరాలు, ఆ నలుగురి పేర్లేనట.

తన ముత్తాత అలాగే గడెక్కి ఆడేవాడనీ, ఓడెక్కి దొరల దేశం కూడా పోయాడనీ యాదగిరన్న చెప్పాడు. నాయనమ్మ చెబితే ఎవరూ నమ్మలేదట. కూతురు స్వప్నని బళ్లో “గారడోళ్ల పిల్ల” అని ఏడిపిస్తున్నారట. ఆ పేర్లలో ముత్తాతది ఉందేమో బండి దగ్గరి కుర్రాళ్లని చదవమంటే నవ్వుతారని నా దగ్గరికి తెచ్చాడు. దుకాణం కిటకిటలాడుతోంది. ఫ్రేము కట్టాక చదివి చెబుతానని పంపేశాను.

కట్టాను. స్కేలు పెట్టి బ్లేడు లాగాను. కింది అంచు చెత్తబుట్టలో పడింది. చెత్తబండి వెళ్లిపోయాక గుర్తొచ్చింది. అలవాటు కొద్దీ చెయ్యి చేసిన పనికి నన్నంటే ఎలా? అలా సర్ది చెప్పుకోవాలని చూశాను. చెయ్యి నాదే కదా!

మర్నాడు యాదగిరన్న ఉతికిన చొక్కా వేసుకుని, స్వప్నని వెంటబెట్టుకుని వచ్చాడు. తప్పు జరిగిందని చెప్పడానికే నోరు తెరిచాను.

“మీ ముత్తాతగారి పేరేంటన్నా?”

“మల్లయ్య.”

“అదే ఉంది.”

ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. “నిజంగనా చెల్లె! తక్కినోళ్ల పేర్లేంది?”

నోటికి మా మేనమామలే వచ్చారు. “సుబ్బారావు, కోటేశ్వరరావు, వెంకటప్పయ్య.”

“గివి మీ దిక్కు పేర్లు గదా?”

“అప్పట్లో అందరూ కలిసే వెళ్లినట్టున్నారన్నా.”

“మరి గా రాత కనిపిస్తలేదేంది?”

“ఫ్రేము లోపలికి పోయింది.”

నమ్మేశాడు. బండి మీద బొమ్మ వేలాడదీశాడు, దండ వేశాడు. మల్లయ్య తాతకి దండం పెట్టుకుని ఇంటర్వ్యూకి వెళ్తే ఉద్యోగం ఖాయమని కుర్రాళ్లు పుకారు పుట్టించారు. చాలామందికి వచ్చాయి కూడా! స్వప్న బళ్లో అందరికీ మల్లయ్య కథ చెప్పి తలెత్తుకు తిరిగింది. నేనూ దండం పెట్టాను. నాకు రాలేదు. తాతకి సంగతి తెలుసు మరి. దుకాణంలోనే ఉండిపోయాను, ఇప్పుడది నాదే.

జాలిపడి అన్నానా, భయపడి అన్నానా? జాలి అని చెప్పుకుంటే బాగానే ఉంటుంది. కానీ పేరు ముందు అడిగి మరీ అల్లినదాన్ని జాలి అని ఎలా అనను? ప్రాణాలకి తెగించి, సముద్రం దాటి వెళ్లి ఆడిన ఆ నలుగురికీ సొంత పేర్లుండేవి. ఎవరో శ్రద్ధగా అచ్చువేస్తే ఇంతకాలం నిలిచాయి. మా మేనమామలు ఇంట్లో ముక్కాలిపీట ఎక్కడానికే భయపడేవాళ్లు, వాళ్లకి దండ పడింది. సిగ్గేస్తుంది నాకు.

నిన్న స్వప్న వచ్చింది. తనకీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. మొదటి జీతంతో ఆ బొమ్మకి పెద్ద ఫ్రేము కట్టించాలట. “గీసారి పేర్లు మంచిగ కనపడాలక్కా. రేపు నాయన్ని తోలుకొస్తా, మా ముంగటనే విప్పు,” అని బొమ్మ నా బల్ల మీద పెట్టి వెళ్లింది.

ఇప్పుడు దాని ఎదురుగానే కూర్చుని రాస్తున్నాను. రేపు యాదగిరన్న ఏమంటాడో తెలియదు. ఇక నా మొహం చూడకపోవచ్చు, చూడమని అడిగే హక్కూ నాకు లేదు. ఆయనకి చెప్పాల్సిన మాట ముందు మీ దగ్గర అని చూసుకుంటున్నాను. లోపల పేర్లు లేవన్నా. వాటిని నేను చదవకుండానే కోసి పారేశాను. అబ్బ, అనేశాను!